కనిగిరిలో తాగడానికి: ఆర్వో క్యానా, సాగర్ కుళాయా?

కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బెడద పాతదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. కాచినా పోదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. కెన్యా రిఫ్ట్ లోయలోనూ ఇదే గొడవ. సింగపూర్‌లో అయితే కుళాయి తిప్పి నేరుగా తాగేస్తారు!

20 లీటర్ల ఆర్వో క్యాన్‌లో వచ్చేవి ప్లాంటులో సన్నటి పొర గుండా వడకట్టిన నీళ్లు, ఫ్లోరైడ్ బాగా తగ్గుతుంది. అయితే అన్నం, పప్పు బోరు నీళ్లతో వండితే ఆ ఫ్లోరైడ్ కంచంలోకే వస్తుంది. చాలామంది ఇది పట్టించుకోరు. పైగా ప్లాంటులో బోలెడు నీళ్లు వృథా.

సాగర్ కాలువ నీళ్లు కృష్ణవి, ఫ్లోరైడ్ తక్కువ. వడకట్టి క్లోరిన్ కలిపితే వంటకూ తాగడానికీ సరిపోతాయి. నా ఓటు వీటికే. కాలువ ఎండితే మాత్రం మళ్లీ టెన్షనే, క్యాన్ తప్పదు.