పద్మినికి ఏ స్ప్రింగులు? విశాఖ రోడ్ల మీద ఏళ్లు వాడాక

మా ప్రీమియర్ పద్మిని చేతికొచ్చేసరికే వెనక కమాన్ కట్టల్లో (ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు) ఒక పట్టీ ఎక్కువ ఉంది. పాత యజమాని లగేజీ కోసం వేయించారట. ఆ సెట్టుతో కొన్నేళ్లు, అది తీయించి కంపెనీ లెక్కకు తెచ్చాక ఇంకొన్నేళ్లు నడిపాను. విశాఖలో తిరిగే పాత కారుకు ఒరిజినల్ గట్టిదనమే మేలని నా గట్టి అభిప్రాయం.

నలుగురు కూర్చుని డిక్కీ నిండితే ఆ అదనపు పట్టీ బాగానే పనిచేసేది. ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుంటే వెనక కుంగేది కాదు. కానీ ఏడాదిలో ఎక్కువ రోజులు బండిలో ఉండేది నేనొక్కడినే. అప్పుడు ప్రతి గుంతకూ వెనక ఎగిరిపడేది. అనంతగిరి నుంచి దిగుతూ తడి మలుపులో గతుకు తగిలితే చక్రం పట్టు వదిలి పక్కకు జరిగేది. అలాంటప్పుడు నిజంగా టెన్షన్ పడతాం.

కట్టలు విప్పించినప్పుడు పట్టీల మధ్య నుంచి తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. బీచ్ రోడ్డు ఉప్పుగాలి పని అది. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి, ఆ కాస్త రాపిడే ఊపును కూడా అణుస్తుంది. తుప్పుతో అతుక్కుపోతే మంచి కట్ట కూడా దుంగలా బిగుసుకుపోతుంది. అందుకే కొత్తవి కొనేముందు విప్పి, వైరు బ్రష్‌తో రుద్దించి, గ్రాఫైట్ గ్రీజు పూయించి చూడండి.

కుంగిన పట్టీలను సుత్తితో కొట్టి వంపు తెచ్చి ఇచ్చేస్తుంటారు. అది నిలవదు. కాల్చి, నూనెలో ముంచి, టెంపరింగ్ (పెళుసుతనం పోయేలా మళ్లీ కాస్త వేడిచేయడం) చేస్తారా అని ముందే అడగండి. కట్ట చివర్లలోని రబ్బరు బుష్‌ల బోల్టుల చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే చేయించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులను బండి కొంత తిరిగాక మళ్లీ బిగించాలి.

ముందువైపు కాయిల్ స్ప్రింగులు. ఎత్తు తగ్గించడానికి స్ప్రింగులో ఒక చుట్టు కోయిస్తే గట్టిపడుతుంది కూడా. కాయిల్ కొలతలు అవే ఉండి తీగ మందం 10 శాతం పెరిగితే గట్టిదనం దాదాపు 46 శాతం పెరుగుతుంది. అందుకే షాపులో "కాస్త లావుది, ఏం ఫర్వాలేదు" అంటే నమ్మకుండా కొలిపించండి. అంబాసిడర్‌కు ముందు టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు) కాబట్టి ఈ గొడవ లేదు, కట్టల సంగతి మాత్రం అక్కడా ఇంతే.

రోజూ నిండు బరువుతో తిప్పేవాళ్లయితే పట్టీ పెంచుకోండి, షాక్ అబ్జార్బర్లు కూడా దానికి తగ్గవి వేయించండి. నాకైతే అరకు ప్రయాణంలో ఒక్కోసారి వెనక బంప్ స్టాప్ (ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగులుతుంది. ఆ రోజు నెమ్మదిగా వెళ్తాను.