పద్మినిలో నిస్సాన్ ఇంజిన్: కోసి అతికించిన ఆయిల్ చాంబర్ ఎలా నిలిచిందంటే

ప్రీమియర్ పద్మినిలో, అదే కంపెనీ తీసిన మరో కారు 118ఎన్‌ఈ ఇంజిన్ వేయించాలనుకునేవారు గేర్‌బాక్సు గురించి, మౌంటింగుల గురించి అడుగుతారు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ఆయిల్ చాంబర్ సంగతి ఎవరూ ఎత్తరు. కడపలో ఇలా ఇంజిన్ మార్చిన బండిని కొన్నేళ్లుగా నడుపుతున్నాను. నన్నడిగితే ముందు చూసుకోవలసింది చాంబర్‌నే.

118ఎన్‌ఈలో ఉన్నది 1171 సీసీ నిస్సాన్ ఏ12. పద్మిని సొంత ఇంజిన్ 1089 సీసీ. రెండు బండ్లూ ప్రీమియర్‌వే అయినా వాటి అడుగుభాగాలకు పోలిక లేదు. నా బండిలో ఇంజిన్ దించగానే చాంబర్ లోతైన భాగపు ముందు గోడ, బండి అడుగున అడ్డంగా ఉండే ఇనుప దూలమైన క్రాస్ మెంబర్‌కు ఆనుకుంది. ఇంజిన్‌ను ఎత్తి కూర్చోబెడితే గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు తిరుగుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం చెడుతుంది. కాబట్టి చాంబర్‌నే మార్చాలి.

కడపలో, ప్రొద్దుటూరులో పాత సామాన్ల దుకాణాల్లో నాకు చాంబర్ దొరకలేదు. చివరికి చెన్నై పుదుప్పేటలో దొరికింది. వీలైతే రెండు కొనండి, ఒకటి కోయడానికి, ఒకటి కొలతలకు. సొట్టలకు భయపడనక్కర్లేదు, సుత్తితో సరిచేయవచ్చు. చూడవలసింది అంచు. నున్నటి కడప బండ మీద బోర్లించి, అంచు కింద నుంచి వెలుతురు కనిపిస్తుందేమో గమనించండి. మెలితిరిగిన అంచును సాపు చేయడం చాలా కష్టం.

మొదట ఒక వర్క్‌షాపులో కొత్త రేకుతో చాంబర్ మొత్తం చేయించాను. వెల్డింగ్ వేడికి అంచు వంగిపోయింది, ఎంత బిగించినా ఆయిల్ కారుతూనే ఉండేది. తర్వాత మరో మిస్త్రీ పాత చాంబర్‌ను పనికిరాని ఇంజిన్ బ్లాకుకు అన్ని బోల్టులతో బిగించి, అలా ఉండగానే ముందు గోడ కోసి వెనక్కి జరిపి, 1.6 మి.మీ. ఇనుప రేకుతో కొద్దికొద్దిగా అతికించాడు. తగ్గిన చోటును భర్తీ చేయడానికి రెండు పక్కలా రెక్కలు పెంచాడు. ఆయన పనితనానికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. క్రాస్ మెంబర్‌కూ చాంబర్‌కూ మధ్య వేలు దూరేంత సందు వదిలాడు. రబ్బరు మౌంటింగుల మీద ఇంజిన్ ఊగుతుంది కనుక అంత సందు తప్పదు.

ఏ12లో ఆయిల్ పంపు బ్లాకుకు బయట పక్కన ఉంటుంది. చాంబర్‌లోకి దిగేది పీల్చే గొట్టం, దాని చివరి జాలీ మాత్రమే. ఈ పనికి అది గొప్ప సౌకర్యం. గొట్టం వంపు మార్చాక జాలీ కింద బంకమన్ను ముద్ద పెట్టి, ఆయిల్ కారకుండా మధ్యలో వేసే గాస్కెట్‌తో సహా చాంబర్ బిగించి, మళ్లీ విప్పి ముద్ద మందం కొలవాలి. ఆరు నుంచి పది మి.మీ. ఉంటే మంచిది. మరీ తక్కువైతే పంపుకు ఆయిల్ సరిగా అందదు, మరీ ఎక్కువైతే మట్టం తగ్గినప్పుడు గాలి పీలుస్తుంది.

అసలు పరీక్ష కడప, రాయచోటి మధ్య ఉన్న గువ్వలచెరువు ఘాట్‌లో ఎదురైంది. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. రాయచోటి నుంచి దిగి వస్తూ మలుపుల్లో బ్రేకు తొక్కితే ఆయిల్ ఒత్తిడి తగ్గిందని హెచ్చరించే లైటు మిణుకుమనేది. ఆయిల్ ముందుకు పరుగెత్తి, వెనక ఉన్న జాలీ ఖాళీలో మిగిలేది. అది చిన్న విషయం కాదు, ఆ కొద్ది క్షణాల్లోనే బేరింగులు అరుగుతాయి. లోతైన భాగం ముందువైపు అడ్డురేకు వేయించాం. దానికి అమర్చిన చిన్న తలుపు లోపలికి మాత్రమే తెరుచుకుంటుంది, వచ్చిన ఆయిల్‌ను తిరిగి పోనివ్వదు. ఆ తర్వాత నిండు వేసవిలో దిగినా లైటు వెలగలేదు.

బిగించే ముందు అతుకుల బయటివైపు సుద్దపొడి పూసి, లోపల కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచండి. సుద్ద తడిసిన చోట సన్నని రంధ్రం ఉన్నట్టే. చాంబర్ ఆకారం మారింది కనుక ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ పాత గీతలు పనికిరావు. కొలిచి ఆయిల్ పోసి కొత్త గీత పెట్టించుకోవాలి. ఇంజిన్ మార్పుకు ఆర్టీవో అనుమతి, ఆర్‌సీలో నమోదు కూడా ముందే చూసుకోండి.

ఇప్పటికీ నాకు తృప్తినివ్వనిది వెనక వైపు కార్క్ గాస్కెట్ ఒక్కటే. ఎండలకు కుంచించుకుని అక్కడ చెమ్మ కనిపిస్తుంది. గట్టిగా బిగిస్తే కార్క్ చిట్లుతుంది, అందుకే ఆయిల్ మార్చిన ప్రతిసారీ బోల్టులను చేతి పానాతో కాస్త సరిచూసుకుంటున్నాను.