బెంటన్‌విల్లా, ఫ్రిస్కోనా: పిల్లలున్న ఇంటికి ఏది మేలు?

మా పిన్ని కూతురు పోయిన వారం ఫోన్ చేసింది. వాళ్లాయనకు ఆర్కాన్సాలోని బెంటన్‌విల్ నుంచి ఉద్యోగం ఆఫర్ వచ్చిందట. వాళ్లిప్పుడు టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నారు. నాలుగేళ్ల బాబు, ఏడాది నిండిన పాప. "అక్కా, జీతం సంగతి సరే, ఆ ఊళ్లో పిల్లలతో ఉండగలమా?" అని అడిగింది. గంటన్నర మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేశాక చూస్తే చెప్పాల్సింది ఇంకా చాలా మిగిలిపోయింది.

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. 2024 మేలో వాల్‌మార్ట్ డాలస్, అట్లాంటా, టొరంటో ఆఫీసుల్లో ఉన్నవాళ్లలో చాలామందిని వేరే ఊళ్లకు, ముఖ్యంగా హెడ్డాఫీసున్న బెంటన్‌విల్‌కు మారమని చెప్పింది. అప్పటి నుంచి డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఈ మాట తరచూ వస్తూనే ఉంది. మేం అంతకంటే ముందే మారాం. ఫ్రిస్కోలో ఐదేళ్లు, ఇక్కడ బెంటన్‌విల్‌లో నాలుగేళ్లు ఉన్నాను. అందులో చాలాకాలం హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద, ఉద్యోగం లేకుండా. అందుకే ఆఫీసుకు వెళ్లే మనిషి వైపు నుంచి నేనేమీ చెప్పలేను. ఆ మనిషికి రెండు ఊళ్లూ ఒకటే, పొద్దున వెళ్తాడు, సాయంత్రం వస్తాడు. ఊరు ఎలాంటిదో తెలిసేది పగలంతా ఇంట్లో ఉండేవాళ్లకే: చిన్నపిల్లలకు, ఉద్యోగం చేసే వీలు లేని భార్యకో భర్తకో, ఆరు నెలలకని ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకు.

2020 జనాభా లెక్కల్లో బెంటన్‌విల్‌లో 54 వేల మంది, ఫ్రిస్కోలో 2 లక్షల మంది. మనవైపు 54 వేలంటే ఓ మోస్తరు మున్సిపాలిటీ. కానీ ఫ్రిస్కో చుట్టూ ప్లేనో, మెకిన్నీ, అలెన్ కలిసిపోయి ఉంటాయి, ఒక ఊరు ఎక్కడ అయిపోయిందో ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో బోర్డు చూస్తే తప్ప తెలియదు. బెంటన్‌విల్ ఆర్కాన్సా రాష్ట్రానికి వాయవ్య మూలన, ఓజార్క్ కొండల్లో ఉంటుంది. ఇక్కడ పావుగంట కారు నడిపితే పశువులు మేసే పచ్చిక బయళ్లు వచ్చేస్తాయి.

ముందు పిల్లల సంగతి. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు, పదేళ్ల లోపు పిల్లలకు బెంటన్‌విలే మేలు. దీనికి మొదటి కారణం దూరం. ఫ్రిస్కోలో ఉన్నప్పుడు మా ఆయన టోల్‌వే మీద పడి ఇల్లు చేరేసరికి ఏడు దాటేది. పాప అన్నం తిని నిద్రకళ్లతో ఉండేది. ఇక్కడ ఐదున్నరకల్లా ఇంట్లో ఉంటారు. జూన్‌లో ఇక్కడ ఎనిమిదిన్నర దాకా వెలుగుంటుంది. అంటే రోజూ మూడు గంటల పగలు తండ్రికీ బిడ్డకీ కలిసి దొరికినట్టు. ఎంత జీతం పెరిగినా ఆ మూడు గంటలు కొనుక్కోలేం.

ఆ మూడు గంటల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి? ఈ ఊరి గొప్పంతా ఇందులోనే ఉంది. ఊరి మధ్యలో స్క్వేర్ అనే చిన్న చౌక్ ఉంటుంది. వాల్‌మార్ట్ స్థాపించిన సామ్ వాల్టన్ 1950లో పెట్టిన కొట్టు దాన్ని ఆనుకునే ఉంది. అక్కణ్నుంచి చెట్ల మధ్య కాలిబాట పట్టుకుని నడిస్తే క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే కళల మ్యూజియం వస్తుంది. 2011 నవంబర్ 11న తెరిచారు, లోపలికి టికెట్ లేదు. ముప్పై అడుగుల కంచు సాలీడు ఒకటి సన్నటి కాళ్ల మీద నిలబడి ఉంటుంది. పొట్ట కింద జాలీలాంటి సంచిలో తెల్లటి పాలరాతి గుడ్లు. మా పాపకు అప్పుడు ఐదేళ్లు. కాళ్ల మధ్య నిలబడి, తల పైకెత్తి గుడ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. లెక్క తప్పినప్పుడల్లా మళ్లీ ఒకటి నుంచి. కాసేపటికి ఆపేసి, "అమ్మా, ఇది అమ్మ సాలీడు కదా?" అంది. పక్కనే పలకలో ఉంది, ఆ బొమ్మ పేరు మామాన్, ఫ్రెంచిలో అమ్మ అని అర్థం. అప్పటి నుంచి వారానికోసారైనా "అమ్మ సాలీడు దగ్గరికి" వెళ్తాం. డబ్బు కట్టాల్సిన పని లేదు, ముందే బుక్ చేసుకోనక్కర్లేదు, వాన వస్తే లోపలికి, ఎండ వస్తే చెట్ల కిందికి.

శనివారాలు స్క్వేర్‌లో రైతుబజారు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఉంటుంది. ఆగ్నేయాసియా నుంచి వచ్చి స్థిరపడిన మోంగ్ రైతుల దగ్గర కాకరకాయలు, పొడుగు బొబ్బర్లకాయలు దొరుకుతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రైతమ్మకు ఇప్పుడు మా పిల్లల పేర్లు తెలుసు.

ఫ్రిస్కోలో పిల్లలకు ఏమీ లేదని కాదు, అలా అంటే అన్యాయమే. 2023లో తెరిచిన కొత్త లైబ్రరీలో టీ-రెక్స్ అస్థిపంజరం నమూనా పెట్టారు, దాన్ని చూడగానే పిల్లలు నోరు తెరుచుకుని నిలబడిపోతారు. కూచిపూడి, సంగీతం, చెస్, ఈత, తెలుగు నేర్పే మనబడి, ఏది కావాలంటే అది నేర్పేవాళ్లు దొరుకుతారు. ఆ దొరకడంలోనే చిక్కుంది. పక్కింటి పిల్ల నాలుగు క్లాసులకు వెళ్తుంటే మన పిల్లను రెండింటితో ఆపడానికి మనసొప్పదు. వారం మొత్తం క్లాసు నుంచి క్లాసుకు కారులోనే గడిచేది. ఇక్కడ మా పాపకు ఒక్క డాన్సు క్లాసు. మిగతా సాయంత్రాలు సైకిలే. ఊరి చుట్టూ అడవిలో సైకిల్ దారులు వేశారు, ఆరేళ్ల పిల్లలు కూడా మట్టి దిబ్బలు ఎక్కి దిగుతుంటారు.

ఇక పెద్దవాళ్ల సంగతి. ఇక్కడికొచ్చేసరికి తక్కెడ ఫ్రిస్కో వైపు దిగిపోతుంది.

మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి ఫ్రిస్కోకి వచ్చినప్పుడు రెండో రోజు సాయంత్రమే నాన్న పార్కులో బెంచీ చూసుకున్నారు. ఆ బెంచీ మీద విజయవాడ వాళ్లొకరు, కరీంనగర్ వాళ్లొకరు, రిటైరైన హెడ్మాస్టరొకరు. ఆరింటికి కలిస్తే ఎనిమిదింటికి గానీ లేచేవారు కాదు. అమ్మ పొద్దున్నే ఎదురింటి ఆంటీతో నడక, మంగళవారం కార్య సిద్ధి హనుమాన్ గుడి, అక్కడ పరిచయమైనవాళ్లతో ఫోన్లో కబుర్లు. ఆరు నెలలు ఎలా గడిచాయో తెలియలేదు.

బెంటన్‌విల్‌కు వచ్చినప్పుడు మొదటి నెల బాగానే గడిచింది. మా పక్కింట్లో ఒక పెద్దాయన, రిటైరై ఒక్కరే ఉంటారు. ఆయన టమాటా మొక్కలు తెచ్చి ఇస్తే, నాన్న కుండీలో గోంగూర పెంచి ఆయనకిచ్చారు. నాన్న ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా ఇద్దరూ కంచెకి అటూ ఇటూ నిలబడి, ఆకు తిరగేసి పురుగు చూపించుకుంటూ అరగంట గడిపేవారు. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. ఎంత మంచి మనిషో ఆయన. కానీ ఆ అరగంట తర్వాత రోజంతా మిగిలేది. ఎక్కడికి వెళ్లాలన్నా కారు కావాలి. గుడి జెంట్రీ అనే పక్క ఊరి దగ్గర పొలాల మధ్య ఉంది, అరగంట దారి, కాబట్టి వారాంతాల్లోనే కుదిరేది. నాలుగో నెల నడుస్తుండగా ఓ రోజు అమ్మ బీరకాయ తొక్కు తీస్తూ, తలెత్తకుండానే అంది: "ఊరు బంగారంలా ఉందే. మాట్లాడేవాళ్లే లేరు." ఆ మాట ఇప్పటికీ నన్ను కలుక్కుమనిపిస్తుంది. ఇక్కడ తెలుగువాళ్లు లేక కాదు, చాలామందే ఉన్నారు, ఏటా పెరుగుతున్నారు. కానీ మా వీధిలో లేరు. నడిచి వెళ్లేంత దూరంలో తోటివాళ్లుండడం వేరు, వారాంతం పాట్‌లక్‌లో, అంటే తలా ఒక వంట తెచ్చుకునే విందులో కలవడం వేరు.

నాకూ మొదటి ఏడాది అంతే. చలికాలం మధ్యాహ్నాలు చాలా పొడుగు. ఇక్కడివాళ్లు మంచివాళ్లు, కారులో పోతూ చెయ్యి ఊపుతారు, ఇంట్లో చేరిన రోజే బిస్కెట్లు తెచ్చిచ్చారు. ఆ పలకరింపు స్నేహంగా మారడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. లైబ్రరీలో కథల గంటకు వరసగా వెళ్లాకే ఇద్దరు నిజమైన స్నేహితులు దొరికారు.

మూడోది, అందరూ చివర్లో ఆలోచించేది, నేను ముందు ఆలోచించమనేది: ఉద్యోగం పోతే? హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక, దేశంలో ఉండి ఇంకోటి చూసుకోవడానికి మామూలుగా దొరికే గడువు 60 రోజులు. డాలస్ చుట్టుపక్కలైతే ఆ 60 రోజుల్లో ఇంకో కంపెనీ చూసుకోవచ్చు, ఇల్లు మారక్కర్లేదు, పిల్ల బడి మారక్కర్లేదు. ఇక్కడ పెద్ద కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్, స్ప్రింగ్‌డేల్‌లో టైసన్ ఫుడ్స్, లోవెల్‌లో జేబీ హంట్, ఇంకా వాల్‌మార్ట్‌కు సరుకు అమ్మే కంపెనీల ఆఫీసులు. వాటిలో దొరక్కపోతే ఊరే వదలాలి. అప్పటికే ఇల్లు కొని ఉంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఇద్దరు స్నేహితుల ఇళ్లలో చూశాను. హెచ్4 వాళ్లదీ ఇదే లెక్క. 2015 నుంచి, భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయితే ఈఏడీకి, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డుకి, అప్లై చేసుకునే వీలుంది. కానీ కార్డు చేతికొచ్చాక చేరడానికి ఉద్యోగం కూడా ఉండాలి కదా. నాకు ఇంటి నుంచి చేసేది దొరికింది కాబట్టి సరిపోయింది.

బడులు రెండు చోట్లా బాగుంటాయి. తేడా హైస్కూల్లో తెలుస్తుంది. ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌లో హైస్కూళ్లు 12, బెంటన్‌విల్‌లో రెండే. టెక్సాస్‌లో మాత్రం క్లాసు ర్యాంకు మెడ మీద కత్తి. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో ర్యాంకు మీద ఆటోమేటిక్‌గా సీటు రావాలంటే 2026 నుంచి క్లాసులో మొదటి 5 శాతంలో ఉండాలి, అంతకుముందు 6 శాతం. అందరూ చదివే పిల్లలే ఉన్న బడిలో ఆ 5 శాతం కోసం తొమ్మిదో తరగతి నుంచే పరుగు. అయితే ఆ పరుగు గెలిస్తే వచ్చేది చిన్న సీటు కాదు, అదీ ఒప్పుకోవాలి.

పన్నులు మాత్రం దాదాపు చెల్లుకు చెల్లు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆస్తిపన్ను మాత్రం ఇంటి విలువ మీద ఏటా 2 శాతం దగ్గర దాకా పోతుంది. ఆర్కాన్సాలో ఆదాయపు పన్ను ఉంది, ఆస్తిపన్ను అందులో సగం కూడా ఉండదు. సుడిగాలి భయం రెండు చోట్లా ఉంది. 2024 మే చివర్లో పక్కనున్న రోజర్స్‌లో వచ్చినదానికి మా వీధిలో కరెంటు రోజుల తరబడి లేదు. పిల్లల వైద్యానికి స్ప్రింగ్‌డేల్‌లో 2018 నుంచి పిల్లల ఆసుపత్రి ఉంది, ఆ బెంగ అక్కర్లేదు.

మరి ఏది మేలు? మా పిన్ని కూతురికి ఇలా చెప్పాను. పిల్లలు చిన్నవాళ్లు, అది బెంటన్‌విల్ వైపు పెద్ద బరువు. నీకు ఈఏడీ వచ్చి, ఇంటి నుంచి చేసే పని చేతిలో ఉంటే నిశ్చింతగా రా. మీ అత్తగారు, మామగారు ఏటా వచ్చి ఆరు నెలలు ఉంటారంటే మాత్రం ఇంకోసారి ఆలోచించుకో. ఎలా వచ్చినా మొదటి రెండేళ్లు అద్దెకే ఉండండి. ఊరు చూడడానికి ఏప్రిల్లో రావద్దు, అప్పుడు చెట్లన్నీ పూసి ఎవరికైనా నచ్చేస్తుంది. జనవరిలో వచ్చి మా ఇంట్లో వారం ఉండు. ఆ వారంలో ఒక మంగళవారం మధ్యాహ్నం నేను ఆఫీసు పనిలో ఉంటాను, పిల్లలిద్దరితో నువ్వొక్కదానివే గడిపి చూడు. తర్వాత మాట్లాడుకుందాం.

ఫ్రిస్కో నుంచి మా ఇంటికి ఓక్లహామా మీదుగా ఐదు గంటల పైచిలుకు. పెద్దది ఎనిమిదో తరగతికి వచ్చేదాకా మేం ఇక్కడే. మే నెలలో అమ్మానాన్నలు మళ్లీ వస్తున్నారు. ఈసారి మా అక్కతో మాట్లాడి ముందే అనుకున్నాం: మొదటి మూడు నెలలు ఫ్రిస్కోలో దాని దగ్గర, తర్వాతి మూడు నెలలు ఇక్కడ. నాన్న అప్పుడే అడిగారు, ఆ బెంచీ వాళ్లలో ఈ ఏడాది ఎవరెవరు వస్తున్నారో కనుక్కోమని. పక్కింటి పెద్దాయనేమో గోంగూర విత్తనాలు జాగ్రత్తగా దాచి ఉంచారు.