బొమ్మ ఎంత గజిబిజిగా ఉందో ఎవరు చెప్పాలి: మనుషులా, కంప్యూటరా?

ఒక బొమ్మ ఎంత సంక్లిష్టంగా ఉందో తేల్చడానికి రెండు దారులున్నాయి. చూసేవాళ్లనే మార్కులు వేయమనడం, లేదా కంప్యూటర్‌తో కొలవడం.

ఖర్చు, శ్రమ: మనుషులైతే చాలామందిని కూర్చోబెట్టి సగటు తీయాలి. 1980లో స్నాడ్‌గ్రాస్, వాండర్‌వార్ట్ అనే మనస్తత్వ పరిశోధకులు 260 గీత బొమ్మలకు 5 పాయింట్ల స్కేలు మీద ఇలాగే మార్కులు వేయించారు. కంప్యూటర్‌కైతే జేపెగ్ (ఫొటోల్ని కుదించి దాచే పద్ధతి) ఫైలు సైజు చూస్తే పనైపోతుంది: బొమ్మ ఎంత సాదాగా ఉంటే ఫైలు అంత చిన్నగా కుదించుకుంటుంది.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. సిగ్నల్ లేని పాత టీవీ తెర మీది చుక్కల్ని తీసుకోండి. వాటిలో ఏ క్రమమూ లేదు కాబట్టి ఫైలు పెద్దగా కుదించుకోదు. కంప్యూటర్ దాన్ని మహా సంక్లిష్టం అంటుంది. మనకేమో అదంతా ఒకటే బూడిద రంగు! కన్ను చుక్కల్ని లెక్కపెట్టదు, వాటిని గుంపులుగా కలిపి చూస్తుంది. అలాగని మనుషుల్నీ పూర్తిగా నమ్మలేం. బాగా అలవాటైన బొమ్మ ఉన్నదానికంటే తేలిగ్గా అనిపిస్తుంది. రాని లిపిలో ఉన్న పేజీ చిక్కుముడిలా కనిపిస్తుంది చూడండి, దానికి తిరగేసినట్టన్నమాట.

వేల ఫొటోల్ని త్వరగా వరసపెట్టాలంటే ఫైలు సైజు చాలు. కాకపోతే అన్నీ ఒకే కొలతలో, ఒకే క్వాలిటీలో సేవ్ చేసి ఉండాలి, లేదంటే లెక్కంతా తప్పు. యాప్ స్క్రీనో, సైన్‌బోర్డో తయారు చేస్తుంటే మాత్రం నేనైతే మనుషుల్నే అడుగుతాను, అదీ దాన్ని మొదటిసారి చూసేవాళ్లని.