జాగ్రత్త: ఉచితంగా దొరికే మాడ్‌లను పెన్‌డ్రైవ్‌లో నింపి అమ్ముతున్నారు

పాత స్ట్రాటజీ కంప్యూటర్ ఆటలంటే ప్రాణం పెట్టే మిత్రులకు ఒక హెచ్చరిక. అసలు ఆటను మార్చి కొత్త హంగులు చేర్చేలా అభిమానులు చేసే అదనపు ఫైళ్లే మాడ్‌లు. "క్లాసిక్ స్ట్రాటజీ ఆటలు, పేరున్న మాడ్‌లన్నీ కలిపి, ఇన్‌స్టాల్ చేసి ఇస్తాం, పెట్టగానే ఆడుకోవచ్చు" అంటూ ఆన్‌లైన్‌లో 64 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి 1,499 రూపాయలకు అమ్ముతున్నారు. దయచేసి కొనకండి. నేను కొన్నాను. అందులో ఏముందో, ఏమి లేదో, అది మన కంప్యూటర్‌కు ఏమి చేయబోతుందో చూసిన తర్వాతే ఇది రాస్తున్నాను.

ప్రకటనలో బొమ్మలు వేసి చూపిన మాడ్‌లలో ఒక్కటి కూడా డబ్బు పెట్టి కొనవలసినది కాదు. హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3కి హార్న్ ఆఫ్ ది అబిస్, రెడ్ అలర్ట్ 2: యూరీస్ రివెంజ్‌కి మెంటల్ ఒమేగా, మెడీవల్ 2: టోటల్ వార్‌కి థర్డ్ ఏజ్, సివిలైజేషన్ 5కి వోక్స్ పాపులి. ఇవన్నీ అభిమానులు ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేసి, అందరికీ ఉచితంగా ఇచ్చినవి. మనం డబ్బు పెట్టవలసింది అసలు ఆటకు మాత్రమే. మాడ్‌కు వెల కట్టి అమ్మేవాడు తనది కాని సొమ్మును అమ్ముతున్నాడు.

పెన్‌డ్రైవ్ తెరవగానే కనిపించేది ఒక సూచనల ఫైలు. "ముందు యాంటీవైరస్ ఆపండి, తర్వాత సెటప్ ఫైలును అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి" అని అందులో రాసి ఉంది. ఆ సెటప్ ఫైలును నడపకుండా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. ఆట సెట్టింగులకు సంబంధించిన వరుసలు కొన్ని ఉన్నాయి. వాటి మధ్యలో సీ డ్రైవ్ మొత్తాన్ని విండోస్ డిఫెండర్ (విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్) తనిఖీ నుంచి మినహాయించే వరుస ఒకటి ఉంది. ఆట ఉన్న ఫోల్డర్‌ను కాదు, డ్రైవ్ మొత్తాన్ని! దాని కింద, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తనంతట తానే మొదలయ్యేలా మరో ప్రోగ్రామ్‌ను చేర్చే వరుస. ఆ ప్రోగ్రామ్‌కూ ఏ ఆటకూ సంబంధం లేదు. బ్యాంకు లావాదేవీలు చేసే కంప్యూటర్‌లో ఇది నడిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

విక్రేతను అడిగితే "మాడ్‌లన్నిటికీ యాంటీవైరస్ ఇలాగే అడ్డం వస్తుంది, భయపడకండి" అని జవాబిచ్చాడు. ఈ మాటలో కొంత నిజం కలిసి ఉంది కాబట్టే ఇది ప్రమాదకరం. పాత ఆట ఇంజన్‌ను నడుస్తుండగానే మార్చే మాడ్‌లను చూసి యాంటీవైరస్ అనవసరంగా హెచ్చరించడం నిజంగానే జరుగుతుంది. కానీ తయారీదారుల సొంత పేజీ నుంచి దించుకుంటే ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలుసు, పలు యాంటీవైరస్‌లతో ఫైళ్లను పరీక్షించే వైరస్‌టోటల్ వెబ్‌సైట్‌లో పరీక్షించుకోవచ్చు, అవసరమైతే ఆ ఒక్క ఫోల్డర్‌కు మినహాయింపు ఇచ్చుకోవచ్చు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు మళ్లీ మూటకట్టిన దానికి ఆ నమ్మకం ఎక్కడిది?

ఇక ఆటల సంగతి. ఇంటర్నెట్ లేని పాత ల్యాప్‌టాప్‌లో, ఆ సెటప్ ఫైలు జోలికి పోకుండా, ఫోల్డర్లను నేరుగా తెరిచి చూశాను. హార్న్ ఆఫ్ ది అబిస్ "లేటెస్ట్ వెర్షన్" అని ప్రకటన. ఆట మొదలుపెట్టి, ఆటగాడు ఎంచుకునే పట్టణాల జాబితా చూస్తే పది మాత్రమే ఉన్నాయి. 1999లో వచ్చిన అసలు ఆటలో ఎనిమిది పట్టణాలు, ఆర్మగెడాన్స్ బ్లేడ్ అనే విస్తరణతో (అసలు ఆటకు విడిగా వచ్చే అధికారిక అదనపు భాగం) వచ్చిన కాన్‌ఫ్లక్స్ తొమ్మిదోది, ఈ మాడ్ తొలి విడుదలలోనే వచ్చిన సముద్రపు దొంగల పట్టణం కోవ్ పదోది. పదకొండోదైన ఫ్యాక్టరీ లేదు! 2024 కొత్త సంవత్సరం వేళకు వచ్చిన 1.7 వెర్షన్‌లో ఫ్యాక్టరీని చేర్చారు. ఏడో స్థాయిలో కువాటిల్, డ్రెడ్‌నాట్ అని రెండు వేర్వేరు జీవులుండే పట్టణం అది. అభిమానులు ఏళ్లపాటు ఎదురుచూసింది దాని కోసమే. అంటే విక్రేత ఎప్పటిదో పాత కాపీ తెచ్చి, దానిమీద కొత్త లేబుల్ అంటించాడు.

మెంటల్ ఒమేగా కూడా ఇంతే. 3.3 వెర్షన్‌లో ఫోన్ రివోల్ట్ (Foehn Revolt) అనే నాలుగో పక్షం చేరింది. ఇందులో ఉన్న కాపీలో మూడు పక్షాలే ఉన్నాయి. థర్డ్ ఏజ్ అయితే తెరుచుకోనే లేదు. దానికి మెడీవల్ 2తో పాటు కింగ్‌డమ్స్ విస్తరణ తప్పనిసరి, ఆ విస్తరణే లేదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది వేరే విషయం. ఏ మాడ్ ఫోల్డర్‌లోనూ తయారీదారుల పేర్లున్న ఫైళ్లు లేవు. వెతికి వెతికి తొలగించారు. బొమ్మలు గీసినవారు, సంగీతం కూర్చినవారు, మ్యాపులు తయారుచేసినవారు, ఏళ్లపాటు పరీక్షించి తప్పులు పట్టినవారు, అందరి పేర్లూ పోయాయి. వాటి స్థానంలో విక్రేత వాట్సాప్ నంబరు. పైసా ఆశించకుండా ఇంత పని చేసినవాళ్లకు దక్కేది ఆ పేరు ఒక్కటే. అదీ చెరిపేశారు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కు ఫర్‌గాటెన్ ఎంపైర్స్ అనే మాడ్ చేసిన అభిమానుల పని 2013లో అధికారిక విస్తరణగా వెలువడింది. అదే పేరుతో స్టూడియోగా ఎదిగినవాళ్లే 2022లో అదే ఆటకు డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే విస్తరణ చేశారు. ద్రవిడియన్లు, రాజేంద్ర చోళుడి దండయాత్ర ఆ ఆటలోకి వచ్చాయంటే దాని వెనుక ఒక ఉచిత మాడ్ ఉంది. ఆనాడు ఎవరైనా వాళ్ల పేర్లు తీసేసి డిస్కుల్లో అమ్ముకుని ఉంటే?

సరైన పద్ధతిలో ఆడాలనుకునేవారు అసలు ఆట కొనేటప్పుడు ఏ ఎడిషనో తప్పకుండా చూసుకోండి. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. హీరోస్ 3కి 2015లో వచ్చిన హెచ్‌డీ ఎడిషన్‌లో రెండు విస్తరణలూ లేవు. దానిమీద హార్న్ ఆఫ్ ది అబిస్ పనిచేయదు. కావలసింది కంప్లీట్ ఎడిషన్. చిత్రాలు పెద్ద తెరకు సరిపడాలంటే హెచ్‌డీ మాడ్ అని అభిమానులు చేసిన మరొకటి ఉంది, అది ఉచితం. హెచ్‌డీ ఎడిషన్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు, పేరు చూసి పొరపడకండి. కొత్త ఎడిషన్ కదా, మెరుగ్గా ఉంటుందనుకుని హెచ్‌డీ ఎడిషన్ కొంటే మాడ్ ఆశ వదులుకోవలసిందే.

సివిలైజేషన్ 5 తగ్గింపు ధరలో చవగ్గా కనిపిస్తే, అందులో గాడ్స్ అండ్ కింగ్స్, బ్రేవ్ న్యూ వరల్డ్ విస్తరణలు ఉన్నాయో లేదో చూసుకోండి. అవి లేకుండా వోక్స్ పాపులి నడవదు. మ్యాక్‌లో అసలే నడవదు, విండోస్ కావాలి. రెడ్ అలర్ట్ 2 కొంటే దాని విస్తరణ యూరీస్ రివెంజ్ కూడా ఉండాలి. మొదటి రెడ్ అలర్ట్‌ను, టైబీరియన్ సన్‌ను ప్రచురణ సంస్థే ఉచితంగా ఇచ్చింది కాబట్టి రెడ్ అలర్ట్ 2 కూడా ఉచితమేనని కొందరు విక్రేతలు చెబుతున్నారు. అది నిజం కాదు.

డబ్బు వాపసు అడిగితే "డిజిటల్ సరుకుకు వాపసు లేదు" అన్నారు. పెన్‌డ్రైవ్ పంపి డిజిటల్ సరుకు అనడం ఏమిటి? అమ్మకానికి వేదికైన సంస్థ కూడా విక్రేతనే అడగమని తప్పించుకోబోయింది. ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ నిబంధనను ప్రస్తావిస్తూ రాసిన తర్వాతే ఫిర్యాదు నమోదు చేసుకున్నారు. మీలో ఎవరైనా ఇప్పటికే కొని ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోను చేయండి. ఆ సెటప్ ఫైలు నడిపినవారు ముందు ఇంటర్నెట్ తీసేయండి, వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి, విండోస్‌ను మళ్లీ మొదటి నుంచి వేయించుకోండి. ఖాతాలోంచి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు, విక్రేతతో జరిగిన సంభాషణ దాచుకోండి. పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయకండి, అదే సాక్ష్యం.

నా ఫిర్యాదు తర్వాత ఆ ప్రకటన కనిపించకుండా పోయింది. నిన్న వేరే విక్రేత పేరుతో మళ్లీ వచ్చింది. నల్లటి నేపథ్యం మీద బంగారు రంగు కోట ఉన్న అదే బొమ్మ, అవే మాటలు, ధర మాత్రం 1,299.