మనిషికో తెల్ల పలక: ఏడాది వాడాక

విశాఖలో గాజువాక వైపు ఒక హైస్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. నాది భోజనం తర్వాత వచ్చే మొదటి పీరియడ్. కడుపు నిండి ఉంటుంది, బయట ఉక్కపోత, గదికి రెండే ఫ్యాన్లు. ప్రశ్న అడిగితే ముందు బెంచీల్లోని ఆ ముగ్గురే చేతులెత్తేవారు. వాళ్లు చెప్పింది విని మిగతా 39 మందీ తలూపేవారు. అందరికీ అర్థమైందనుకుని నేనూ తర్వాతి లెక్కకి వెళ్లిపోయేదాన్ని.

నిరుడు పూర్ణా మార్కెట్‌లో ఒక స్టేషనరీ షాపులో 45 తెల్ల పలకలు కొన్నాను. ఏ4 కాగితం సైజు, మార్కర్‌తో రాసి తుడిచేసేవి. ఒక్కోటి 70 రూపాయలు, మార్కర్లు వేరే.

మొదటి రోజు బోర్డు మీద −7 + 3 వేసి, "రాసి బోర్లించండి, మూడు అన్నాకే ఎత్తండి" అన్నాను. ఎత్తారు. కొన్నిటి మీద 4, కొన్నిటి మీద −4, అక్కడక్కడా 10. −10 మాత్రం 19 పలకల మీద ఉంది! చేతులెత్తే ముగ్గురిలో ఒకడిదీ అదే. వారం రోజులుగా చెబుతున్న పాఠం అది, ఉసూరుమనిపించింది. ఎలా వచ్చిందని ఒకడిని అడిగితే "రెండూ కలిపి మైనస్ పెట్టాను టీచర్" అన్నాడు. వాడికి మైనస్ అంటే అంకెకి పెట్టే బొట్టు, అంతే. అప్పుడు ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన, వాళ్లంతా చూసిన కురుసుర సబ్‌మెరైన్ గుర్తొచ్చింది. "అది సముద్రంలో 7 మీటర్ల లోతున ఉంది. 3 మీటర్లు పైకొచ్చింది. ఇప్పుడెక్కడుంది?" అన్నాను. ఈసారి 36 పలకల మీద −4. రాని ఆరుగురెవరో కళ్లెదుటే ఉన్నారు, నేరుగా వాళ్ల బెంచీల దగ్గరికే వెళ్లాను.

"మూడు" అనడానికి తొందరపడకండి. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో క్లాసుల రికార్డింగులు పరిశీలిస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది ఒక్క సెకను పాటేనని తేలింది. 3 సెకన్లు ఆగినచోట జవాబులు పెద్దవయ్యాయి, మాట్లాడని పిల్లలూ మాట్లాడారు. పలక ఉంటే, వాళ్లు రాసేదాకా మనం ఎలాగూ ఆగాలి.

ఇక పలక సంగతి. ముందు మార్కాపురం రాతి పలకలే తెద్దామనుకున్నాను. కానీ బలపం గీత సన్నం, చివరి బెంచీలో రాసింది నాకు కనబడదు. దీని మీద మార్కర్ గీత బాగా కనిపిస్తుంది. లోపమల్లా అంచుల్లోనే. లోపలుండేది నొక్కిన చెక్కపొట్టు అట్ట. మన సముద్రపు తేమకి, జూలై వానలకి 6 పలకలు అంచుల దగ్గర ఉబ్బిపోయాయి. మిగతావాటికి చుట్టూ వెడల్పాటి సెల్లోటేపు వేశాక ఆగింది. రాసింది తుడవకుండా రాత్రంతా వదిలేస్తే మరక పడుతుంది. ఒకడు పర్మనెంట్ మార్కర్‌తో పేరు రాసుకున్నాడు. దాని మీదే బోర్డు మార్కర్‌తో దిద్ది వెంటనే తుడిస్తే పోయింది.

అసలు ఖర్చు మార్కర్లది. మూతలు పోతాయి, సిరా ఎండిపోతుంది. వాటిని నిలబెట్టకుండా పడుకోబెట్టి దాచండి. మూతల లెక్క బెంచీకొకరికి అప్పగించాను, నష్టం సగానికి తగ్గింది. తుడవడానికి పాత బనీను ముక్కలు చాలు. పలకలు పంచి మళ్లీ తీసుకోవడానికి మొదట్లో 8 నిమిషాలు పోయేది, ఇప్పుడు రెండే. పది నిమిషాలకోసారి ఎత్తిస్తే సరిపోతుంది, ప్రతి లెక్కకీ ఎత్తిస్తే పిల్లలకి విసుగొస్తుంది.

అంత డబ్బు పెట్టలేనివాళ్లు జిరాక్స్ షాపులో తెల్ల అట్టకి లామినేషన్ చేయించుకోండి. కాస్త వంగుతుంది గానీ పని నడుస్తుంది.

ఈ జూన్‌లో ఎనిమిదో తరగతికీ 40 కొంటున్నాను. చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉన్నవి 110 చెప్పారు. వానాకాలం తట్టుకోవాలి కదా, అవే తీసుకుంటాను.