ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో మీ పొలం పడితే: అభ్యంతరం, ధర్నా, కోర్టు, పూలింగ్‌లలో ఏది మేలు?

మున్సిపాలిటీలో కలిపిన ఊరికి ముసాయిదా మాస్టర్ ప్లాన్ వచ్చిందంటే ముందు చూడాల్సింది మ్యాపులో మీ సర్వే నంబరు మీద పడిన రంగు. ఏ రంగు ఏ జోనో మ్యాపు మూలన రాసి ఉంటుంది. నివాస జోన్‌లో పడినంత మాత్రాన భూమి పోదు. పట్టా మీదే, సాగూ ఆగదు. నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చడం) చేయించుకోనంత వరకు రికార్డులో అది వ్యవసాయ భూమే. నష్టం పక్క వెంచర్ల నుంచి వస్తుంది. కుంటలోకి నీళ్లు తెచ్చే కాల్వను ప్లాట్ల కింద పూడ్చేస్తారు, మురుగును వాగులోకి వదులుతారు.

రోడ్డు, పార్కు, పరిశ్రమల జోన్లలో పడితే చిక్కు ఇంకా పెద్దది. భూమిని సర్కారు వెంటనే తీసుకోదు, పైసా ఇవ్వదు. ఇంటికి అనుమతి మాత్రం రాదు, కొనడానికి ఎవరూ ముందుకు రారు. 2022 చివర్లో కామారెడ్డి రైతులు రోడ్డెక్కింది పరిశ్రమల జోన్, 100 అడుగుల రోడ్ల విషయంలోనే.

నాలుగు దారుల్లో అభ్యంతర పత్రం చవకైనది, తప్పనిసరైనది కూడా. ముసాయిదా ప్రకటించాక సాధారణంగా 60 రోజుల గడువు ఉంటుంది. కామారెడ్డిలో అది 2023 జనవరి 11తో ముగిసింది. చాలామంది చేసే పొరపాటు ఊరంతా కలిసి ఒకే కాగితం మీద సంతకాలు చేసి ఇవ్వడం. అధికారుల లెక్కలో అది ఒక్క అభ్యంతరమే. పట్టాదారు ఎవరికి వారు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలతో విడివిడిగా రాయాలి. పాసుపుస్తకం నకలు, పహాణీ (సాగు రికార్డు), టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), బోరు ఫొటో జత చేయాలి. సర్వే నంబరులో సగం ఒక జోన్‌లో, సగం మరో జోన్‌లో పడితే టిప్పన్ మీద గీత గీసి చూపాలి. ‘మాకు వద్దు’ అని రాస్తే పక్కన పడేస్తారు. ‘ఇది ఫలానా చెరువు ఆయకట్టు, రెండు పంటలు పండుతాయి, రోడ్డును ఉత్తరాన ఉన్న ప్రభుత్వ భూమిలోకి జరపవచ్చు’ అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. రెండో ప్రతి మీద తేదీ, ఇన్‌వర్డ్ నంబరుతో ముద్ర వేయించుకోకుండా ఆఫీసు గడప దాటొద్దు.

వేగంలో ధర్నాకు సాటి లేదు, ఒప్పుకోవాల్సిందే. కామారెడ్డిలో 2023 జనవరి 5న కలెక్టరేట్ ముట్టడి జరిగింది, అదే నెలలో మున్సిపల్ పాలకవర్గం ముసాయిదా రద్దుకు తీర్మానించింది. జగిత్యాలలోనూ అలాగే అయింది. వరంగల్ చుట్టూ సుమారు 21 వేల ఎకరాల ల్యాండ్ పూలింగ్‌ను (రైతుల భూమి తీసుకుని, అందులో కొంత ప్లాట్లుగా తిరిగి ఇచ్చే పద్ధతి) 2022లో వెనక్కి తీసుకున్నదీ రైతుల ఒత్తిడితోనే. కానీ రద్దయింది ఆ ముసాయిదా ఒక్కటే. ప్లాన్‌కు తుది ఆమోదం ఇచ్చేది ప్రభుత్వం, కొత్త ముసాయిదా ఎప్పుడైనా రావచ్చు. అప్పుడు పనికొచ్చేది ముద్ర వేయించుకున్న ఆ రెండో ప్రతే.

కోర్టు సంగతి క్లుప్తంగా. ముసాయిదా దశలో వెళ్తే ‘ఇంకా తుది ప్లాన్ కాదు కదా’ అనే వాదన ఎదురవుతుంది. గడువు ఇవ్వకపోయినా, అభ్యంతరాలు వినకుండా ఖరారు చేసినా కేసుకు బలం ఉంటుంది.

పూలింగ్‌కు సంతకం పెట్టేముందు అమరావతి లెక్క చూడాలి. అక్కడ మెట్ట ఎకరాకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. జరీబు (నది ఒడ్డున ఏడాదంతా పండే భూమి) ఎకరాకు వాణిజ్య వాటా 450 గజాలు. ఎకరం 4,840 గజాలు కాబట్టి తిరిగి వచ్చేది మెట్టకు 26 శాతం, జరీబుకు 30 శాతం. పైగా పదేళ్ల కౌలు: మెట్టకు ఏటా 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏడాదికి పది శాతం పెంపు. కాగితం మీద బాగుంది. కానీ 2019 తర్వాత పనులు కొన్నేళ్లు ఆగిపోయాయి. మూడు నెలల్లో ప్లాట్లు అప్పగించమని 2022 మార్చిలో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది, ఆ గడువుల మీద నవంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఏడాది పొడవునా పూలు, కూరగాయలు పండే ఉండవల్లి, పెనుమాక రైతుల్లో చాలామంది మొదట్లోనే అంగీకారం తెలిపే 9.3 ఫారం కాదని అభ్యంతరం తెలిపే 9.2 ఫారం ఇచ్చారు. వాళ్ల లెక్క తప్పని అనలేం. వానకు పండే చెలక అయితే, ప్లాటు ఇచ్చే తేదీ, ఆలస్యానికి పరిహారం ఒప్పందంలో ఉంటే పూలింగ్ ఆలోచించవచ్చు. బోరు కింద రెండు పంటల భూమికి వద్దు.

భూమిని ఎలాగూ తీసుకుంటారని తేలితే 2013 భూసేకరణ చట్టమే మేలు. మార్కెట్ విలువ మీద 100 శాతం సొలేషియం (విలువకు అదనంగా ఇచ్చే పరిహారం) వస్తుంది, ఆ పరిహారానికి ఆదాయపన్ను లేదు. ప్రాథమిక నోటిఫికేషన్ మీద అభ్యంతరాలకు 60 రోజులుంటాయి. నీటి వసతితో ఒకటికి మించి పంటలు పండే భూమిని చివరి మార్గంగానే తీసుకోవాలని సెక్షన్ 10 అంటుంది. గ్రామాల్లో మార్కెట్ విలువను రెండు రెట్ల వరకు పెంచి లెక్కగట్టవచ్చు, ఎంతన్నది రాష్ట్రం నిర్ణయిస్తుంది. మున్సిపాలిటీలో మాత్రం ఒక్క రెట్టే. 20 లక్షల విలువకు పట్టణంలో 40 లక్షలొస్తే, రెండు రెట్లు వర్తించే పల్లెలో 80 లక్షలు. అందుకే జోన్ మార్పు కంటే ముందు, ఊరిని మున్సిపాలిటీలో కలిపే ప్రతిపాదన వచ్చినప్పుడే అభ్యంతరం రాసివ్వాలి.